లోగొంతుక పాటలు

(సికింద్రాబాద్‌లో కొత్తగా బృందగానం నేర్చుకుంటున్న వాళ్ళ ముందు ఒక శనివారం సాయంత్రం మాట్లాడింది. ఫోన్‌లో రికార్డు చేసినది విని రాశాను. మాట తీరు పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినపడుతోందా? సరే. నాన్నా, ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు, ఆపక్కర్లేదు, ఉక్కపోతగా ఉంది, తగ్గిస్తే చాలు. ఇవాళ నేను వినిపించబోయే పాటలకి ఫ్యాన్ చప్పుడు కూడా ఎక్కువే.

ఆ బ్యాండ్ పేరు 'లో'. ఇంగ్లిష్‌లో తక్కువ, కింద, మెల్లగా అని. తెలుగులో రాసుకుంటే ఆ ఒక్క అక్షరానికే ఇంకో అర్థం వస్తుంది, లోపల అని. లోగొంతుకతో చెప్పాడు అంటాం చూడండి, ఆ లో. నాకైతే వాళ్ళ పాటలకి ఆ అర్థమే బాగా నప్పుతుంది అనిపిస్తుంది.

అమెరికాలో మినసోటా రాష్ట్రంలో డులూత్ అని ఒక రేవు ఊరు ఉంది. సుపీరియర్ సరస్సు ఒడ్డున. సరస్సు అంటే మన హుసేన్ సాగర్ లాంటిది ఊహించుకోకండి, దాని విస్తీర్ణం 82 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీళ్ళే అనుకోండి. ఇనుప ఖనిజం ఓడలు ఎక్కే ఊరు, చలికాలం అంటే ఒళ్ళు గడ్డకట్టే చలి. గాయకుడు బాబ్ డిలన్ పుట్టింది కూడా అక్కడే, 1941లో. ఆ ఊళ్ళో 1993లో ఒక జంట ఈ బ్యాండ్ మొదలుపెట్టింది. ఆయన ఆలన్ స్పార్‌హాక్, గిటారు. ఆవిడ మిమీ పార్కర్, డ్రమ్స్. బేస్ గిటారు వాయించడానికి మరో మనిషి ఉండేవాడు, ఆ మనిషి మాత్రం మారుతూ వచ్చాడు. భార్యాభర్తలిద్దరూ చిన్నప్పుడు స్కూలు రోజుల నుంచీ ఎరిగున్నవాళ్ళే, క్లియర్‌బ్రూక్ అనే పల్లెటూరు వాళ్ళది. ఇద్దరూ పాడేవారు. దాదాపు ముప్పై ఏళ్ళు అలాగే పాడారు.

1993 అంటే గుర్తు తెచ్చుకోండి, అప్పుడు అమెరికా అంతా గ్రంజ్ అనే రాక్ సంగీతం హోరు. గిటారు ఎంత గట్టిగా మోగితే అంత గొప్ప. అలాంటి కాలంలో వీళ్ళు ఎంత మెల్లగా వాయించగలమో, ఎంత తక్కువ వాయించగలమో చూద్దాం అనుకున్నారు. మొదట్లో మిమీ ముందు ఉండేది ఒక స్నేర్, ఒక ఫ్లోర్ టామ్, ఒక సింబల్, అంటే రెండు డ్రమ్ములు, ఒక తాళం. అంతే. నిలబడి వాయించేది, చాలా పాటల్లో కర్రలకి బదులు బ్రష్‌లతో. చీపురు పుల్లలతో తివాచీ దులిపినట్టు ఒక మెత్తటి చప్పుడు వస్తుంది కదా, అది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య మీరు ఊపిరి తీసుకుని వదలొచ్చు. ఆ ఖాళీలో రెండు గొంతులు వచ్చి నిలబడతాయి.

జనం మాటల్లో పడి గోల చేస్తే ఏ బ్యాండ్ అయినా ఏం చేస్తుంది, సౌండ్ పెంచుతుంది. వీళ్ళు తగ్గించేవాళ్ళు. బార్లలో, బీరు గ్లాసుల చప్పుడు మధ్య, ఇంకా తగ్గించేవాళ్ళు. పక్కవాడు గట్టిగా మాట్లాడుతుంటే ముందు వరుసలో వాళ్ళే వెనక్కి తిరిగి చూసే పరిస్థితి వస్తుంది, అలా మెల్లగా హాలంతా సద్దుమణుగుతుంది. ఇది మీరందరూ బాగా గుర్తు పెట్టుకోవాలి అనే మొదటే చెబుతున్నాను.

ఎందుకంటే నాకు ఈ మాట చిన్నప్పుడే ఇంకో రూపంలో తెలుసు. నేను సికింద్రాబాద్‌లో చర్చి క్వయర్‌లో పెరిగాను. పదకొండేళ్ళప్పుడు మా స్నేహితురాళ్ళందరినీ సోప్రానోలో, అంటే పై గొంతు వరుసలో నిలబెట్టి నన్ను ఒక్కదాన్నే దాని కింది వరుస ఆల్టోలోకి పంపారు, పెద్దవాళ్ళ పక్కకి. ఇంటికొచ్చి ఏడ్చాను. వాళ్ళకి అసలు పాట దొరికింది, నాకు పాట కాని పాట దొరికింది అని. ఇంట్లో నా భాగం ఒక్కటీ పాడి వినిపిస్తే మా అమ్మమ్మ, అదేం కీర్తనమ్మా అని అడిగింది, పాపం గుర్తుపట్టలేకపోయింది. ఆదివారం నాడు నాలుగు భాగాలూ కలిశాక, పైకప్పు ఎత్తుగా ఉండే ఆ గుడిలో, నా గొంతు నాకు విడిగా వినపడలేదు. కానీ నేను ఆపితే ఏదో పోయినట్టు తెలిసింది. మా మాస్టారు ఒకటే చెప్పేవారు. పక్కవాళ్ళ గొంతు నీకు వినపడటం లేదంటే నువ్వు గట్టిగా పాడుతున్నట్టే.

ఇక్కడ ఇద్దరు పిల్లలు రండి ఒకసారి. రా అమ్మా, నీలం గౌను, నువ్వు కూడా రా. సంగీతం నేర్చుకుంటున్నారా? సరళీ స్వరాలు వచ్చా? సరే, మాయామాళవగౌళ. నేను కీబోర్డు మీద స పట్టుకుంటాను. నువ్వు స, ఆకారంలో, మెల్లగా. ఆ... అలాగే పట్టుకో, వదలొద్దు. ఇప్పుడు నువ్వు గ. మామూలుగా స రి గ అని ఎక్కి వెళ్ళే గ ఉంది కదా, అది. పట్టుకో. ఇద్దరూ కలిపి.

(ఇద్దరు పిల్లలు పాడారు)

విన్నారా? ఒక్క నిమిషం ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి, తర్వాత కుదురుకున్నాయి. కుదురుకున్న ఆ క్షణంలో ఈ పాప గొంతు కాస్త తగ్గించింది, గమనించారా, తనకి తెలియకుండానే. థాంక్యూ అమ్మా, వెళ్ళి కూర్చోండి.

మన సంగీతంలో స నుంచి గ కి ప్రయాణం చేస్తాం, దారిలో గమకాలు వేస్తాం, ఆ దారే రాగం. ఇద్దరు పాడినా ఒకే స్వరం మీద కలుస్తారు. బుర్రకథలో కూడా కథకుడు పాడతాడు, వంతలు తందాన తాన అని అందుకుంటారు, ఒకరి తర్వాత ఒకరు. ఇళయరాజా గారి లాంటి వాళ్ళు సినిమాల్లోకి తెచ్చేదాకా స, గ రెండూ ఒకేసారి మోగి అక్కడే నిలబడిపోవడం మన చెవులకి పెద్దగా అలవాటు లేదు, చర్చిల్లో తప్ప. అందుకే హార్మొనీ అంటే మన వాళ్ళు వెనకపాట అనుకుంటారు. ముందు ఒకరు పాడతారు, వెనక ఒకరు అలంకారం చేస్తారు అని. లో పాటలు వినండి, ఎవరు ముందో ఎవరు వెనకో చెప్పడం కష్టం. ఆలన్ కింద ఒక స్వరం పట్టుకుంటాడు, మిమీ పైన ఇంకో స్వరం పట్టుకుంటుంది, పాట ఆ రెండింటి మధ్య దూరంలో ఉంటుంది. నేను ఇవాళ చెప్పాలనుకున్నది అదొక్కటే. ముప్పై ఏళ్ళలో వాళ్ళు లేబుళ్ళు, అంటే రికార్డు కంపెనీలు మార్చారు, నిర్మాతల్ని మార్చారు, బేస్ వాయించే వాళ్ళు మారారు, చివరికి సౌండ్ మొత్తం తలకిందులు చేశారు. ఆ దూరం మాత్రం కదల్లేదు.

సరే, కథలోకి వస్తాను. 1994లో మొదటి ఆల్బమ్, 'ఐ కుడ్ లివ్ ఇన్ హోప్'. తర్వాత రెండేళ్ళకి వచ్చిన దాంట్లో ఒక పాట పద్నాలుగు నిమిషాలు దాటి ఉంటుంది, దాని సంగతి మళ్ళీ చెబుతాను. 1999లో క్రిస్మస్ పాటలతో ఒక చిన్న రికార్డు వేశారు, అందులో అందరికీ తెలిసిన డ్రమ్మర్ బాయ్ పాటని వాళ్ళ పద్ధతిలో పాడితే అది గ్యాప్ బట్టల కంపెనీ టీవీ ప్రకటనలో వచ్చింది, దాంతో వాళ్ళ పేరు తెలియని లక్షల మంది చెవుల్లో ఆ గొంతులు పడ్డాయి. మా క్వయర్‌లో ప్రతి డిసెంబరులో ఆ పాట ఉంటుంది, మేము హుషారుగా పాడతాం. వీళ్ళు పాడితే ఆ కుర్రాడు నిజంగా పేదవాడు, చేతిలో ఇవ్వడానికి ఏమీ లేనివాడు అని అర్థమవుతుంది.

నాకు వీళ్ళు దొరికింది 2001 నాటి ఆల్బమ్‌తో, 'థింగ్స్ వి లాస్ట్ ఇన్ ద ఫైర్'. మా పెదనాన్నగారి అబ్బాయి మినియాపోలిస్‌లో ఉద్యోగం, సెలవులకి వచ్చినప్పుడు, నువ్వు క్వయర్‌లో పాడతావు కదా చెల్లీ, ఇది విను అని సీడీ ఇచ్చాడు. స్టీవ్ అల్బినీ రికార్డు చేసినది. గ్రంజ్ బ్యాండ్ నిర్వాణా ఆఖరి ఆల్బమ్ రికార్డు చేసిన మనిషే ఆయన. ఆ సీడీలో చివరి పాట 'ఇన్ మెటల్'. అప్పటికి వాళ్ళకి పాప పుట్టింది, హాలిస్. పిల్లల మొదటి బూట్లకి లోహం పూత పూయించి దాచుకునే అలవాటు అమెరికాలో ఉందట. పిల్ల పెరిగిపోతోంది, ఈ చిన్న ఒంటినే అలా లోహంలో దాచుకోగలిగితే బాగుండు అని మిమీ పాడుతుంది. ఎక్కడా గొంతు పెంచదు. మన అమ్మలు బిడ్డ పాదాలు చేతిలో పట్టుకుని, ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉండిపోరాదూ అంటారు చూడండి, అదే మాట. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, అయినా ఆ పాట దగ్గర ఆగిపోయాను.

ఇక్కడ చర్చి సంగతి ఒకటి చెప్పాలి. ఆలన్, మిమీ ఇద్దరూ మోర్మన్ అనే క్రైస్తవ సంప్రదాయం వాళ్ళు, కలిసి పాడటం ఆరాధనలో భాగం. డులూత్‌లో పాత సేక్రెడ్ హార్ట్ చర్చి ఇప్పుడు సంగీతానికి వాడుతున్నారు, 2002లో 'ట్రస్ట్', 2011లో 'కమాన్', రెండు ఆల్బమ్‌లూ అక్కడే రికార్డు చేశారు. ఎత్తైన కప్పు కింద పాడిన వాళ్ళకి తెలుస్తుంది, మీరు స్వరం ఆపేసినా గది ఇంకాసేపు పాడుతుంది. ఆ సేపు ఓపిక పట్టాలి. పట్టకుండా తర్వాతి స్వరం మీద పడితే అంతా గందరగోళం. వాళ్ళ పాటల నెమ్మది నాకు అక్కడ అర్థమైంది. గది వంతు గదికి ఇచ్చారు.

2005లో సబ్ పాప్ అనే పెద్ద లేబుల్‌కి మారి 'ద గ్రేట్ డిస్ట్రాయర్' తెచ్చారు, ఈసారి గిటార్లు గట్టిగా మోగాయి. పాత అభిమానులు కొంతమంది నొచ్చుకున్నారు. కానీ లెడ్ జెప్లిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ అందులోంచే రెండు పాటలు తీసుకుని 2010లో తన ఆల్బమ్‌లో పాడుకున్నాడు. అదే ఏడాది ఆలన్‌కి మానసికంగా చాలా కష్టమైంది, 2005లో అంటున్నాను, పర్యటన మధ్యలో రద్దు చేసుకుని ఆ సంగతి తనే అభిమానులకి రాశాడు. అప్పట్లో ఆ మాట బయటికి చెప్పుకోవడం ఎక్కడైనా కష్టమే, మన దగ్గరైతే ఇప్పటికీ కష్టమే. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఆ ఒక్క విషయంతో.

2013లో మినియాపోలిస్‌లో రాక్ ద గార్డెన్ అని బహిరంగ కచేరీ. వాన. వేలమంది. వీళ్ళకి ఇచ్చిన సమయం దాదాపు అరగంట. ఇందాక చెప్పానే, ఆ పొడుగు పాట, అది ఒక్కటే ఇరవై ఏడు నిమిషాలు వాయించారు. ఒకే శ్రుతి, హోరుమని, ఆగకుండా. చివర్లో ఆలన్ మైకులో రెండు ముక్కలు అన్నాడు, డ్రోన్ అనే మాట మీద. మన తంబూరా చేసే పనిని కూడా ఇంగ్లిష్‌లో డ్రోన్ అనే అంటారు, ఆకాశంలో బాంబులు మోసుకెళ్ళేదీ డ్రోనే. ఈ డ్రోన్ కావాలి, ఆ డ్రోన్లు వద్దు అని దాని తాత్పర్యం. జనంలో సగం మందికి కోపం వచ్చింది, పాటలు వినడానికి వస్తే ఇదేంటని. తంబూరా ముందు కూర్చుని పెరిగిన వాళ్ళకి ఆ ఇరవై ఏడు నిమిషాలు అంత వింతగా అనిపించవు అని నా నమ్మకం.

ఇప్పుడు అసలు చోటుకి వద్దాం. 2018, బ్యాండ్‌కి పాతికేళ్ళు. ఏ బ్యాండ్ అయినా పాతికేళ్ళకి పాత పాటల సంకలనం వేసుకుని సన్మానాలు చేయించుకుంటుంది. వీళ్ళు బీజే బర్టన్ అనే కుర్ర నిర్మాతతో కూర్చుని 'డబుల్ నెగటివ్' చేశారు. నేను మొదటిసారి మెట్రోలో విన్నాను, సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కి రాయదుర్గం వైపు. ఇయర్‌ఫోన్ పాడైందనుకున్నాను. తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. బుసబుస, గరగర, స్పీకరు చిరిగిపోయినప్పుడు వచ్చే చప్పుడు, దాని అడుగున ఎక్కడో డ్రమ్ము మునిగిపోతూ తేలుతూ. అమీర్‌పేటలో జనం ఎక్కేసరికి బయటి రొద, లోపలి రొద కలిసిపోయాయి. అప్పుడు ఆ చప్పుడులోంచి రెండు గొంతులు పైకొచ్చాయి. అదే స, అదే గ. చిరిగిపోయి ఉన్నాయి, అయినా వాటి మధ్య దూరం అంతే ఉంది. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన ఒకావిడ, ఏమైందమ్మా, సీటు కావాలా అని అడిగింది.

మొదట్లో జనం గోలలో గొంతు తగ్గించి నిలబడ్డారు కదా, పాతికేళ్ళకి ఆ గోలని తామే తయారు చేసుకుని అందులో నిలబడ్డారు. నాకు అలా అర్థమైంది. 2021లో 'హే వాట్' వచ్చింది, ఇంకా ధైర్యంగా, గొంతులు ఇంకా ముందుకి వచ్చి. రికార్డింగ్ పనితనానికి గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది.

ఆ రికార్డు మనం వింటున్నప్పటికే మిమీకి జబ్బు చేసింది. అండాశయ క్యాన్సర్. 2020 చివర్లో తెలిసింది, 2022 మొదట్లో తనే బయటికి చెప్పింది. చికిత్స చేయించుకుంటూనే వేదిక ఎక్కి పాడింది. 2022 నవంబర్ 5న పోయింది. 55 ఏళ్ళు.

బ్యాండ్ అక్కడితో అయిపోయింది. ఇద్దరిలో ఒకరు పోతే ఇంకొకరిని పెట్టుకుని నడిపే బ్యాండ్‌లు చాలా ఉన్నాయి, తప్పేం లేదు. వీళ్ళ దగ్గర అది కుదరదు. నా ఆల్టో భాగం ఒక్కటీ పాడితే అమ్మమ్మ గుర్తుపట్టలేదని చెప్పాను కదా. ఆలన్ పరిస్థితి అది. ఆయన చేతిలో ఉన్నది సగం స్వరాలు.

(వెనక నుంచి ఒక పెద్దాయన ప్రశ్న: మరి ఆయన పాడటం మానేశాడామ్మా?)

మానలేదు బాబాయ్‌గారూ. అదే చెప్పబోతున్నాను. 2024లో ఒంటరిగా ఒక ఆల్బమ్ తెచ్చాడు, 'వైట్ రోజెస్, మై గాడ్'. గొంతుని యంత్రంలో పెట్టి శ్రుతి మార్చి, మనిషి గొంతని పోల్చుకోలేనంత పైకి తీసుకెళ్ళి పాడాడు. చాలామంది కంగారుపడ్డారు, ఇదేం పాట అని. నాకు వేరేగా తోచింది. ముప్పై ఏళ్ళు పక్కన ఒక గొంతుని వింటూ తన గొంతు సరిపెట్టుకున్న మనిషి. ఇప్పుడు నోరు తెరిస్తే తన మామూలు గొంతు పక్కన ఆ ఖాళీయే వినపడుతుంది. కొన్నాళ్ళు ఆ గొంతుని తను కూడా వినదలుచుకోలేదేమో. ఇది నేను అనుకున్నది మాత్రమే, ఆయన చెప్పింది కాదు.

తర్వాత 2025లో ఇంకో ఆల్బమ్. డులూత్‌లోనే ట్రాంపుల్డ్ బై టర్టిల్స్ అని ఒక బ్యాండ్ ఉంది, బాంజో, మాండొలిన్, ఫిడేలు, ఎన్నేళ్ళుగానో స్నేహితులు. వాళ్ళు చుట్టూ కూర్చుని వాయించారు, ఆయన యంత్రం తీసేసి తన గొంతుతో పాడాడు. వణుకుతూ ఉంటుంది అక్కడక్కడా. మన ఊళ్ళలో ఇంట్లో మనిషి పోతే చుట్టుపక్కల వాళ్ళు వచ్చి కూర్చుంటారు, ఏమీ మాట్లాడకపోయినా పక్కన ఉంటారు, ఆ రికార్డు అలా ఉంటుంది.

అందులో 'నాట్ బ్రోకెన్' అని ఒక పాట ఉంది. ఆయన పాడుతుంటే ఒక ఆడగొంతు వస్తుంది. నేను మొదటిసారి విన్నప్పుడు పాత రికార్డింగ్ ఏదైనా వాడారేమో అనుకున్నాను, తర్వాత పేర్లు చూశాను. హాలిస్. ఇందాక చెప్పాను చూడండి, చిన్న ఒంటిని లోహంలో దాచుకోవాలని మిమీ పాడిన పాప. పాతికేళ్ళ పిల్ల ఇప్పుడు.

దాన్నే వేస్తాను. వేయమ్మా. నాన్నా, ఇప్పుడు ఆ ఫ్యాన్ పూర్తిగా ఆపెయ్.